ఎడమచెయ్యి

ఇప్పలపెల్లి బడికి మామూలుగా వచ్చేవి రెండే రకాల కాగితాలు. హాజరుపట్టీ ఎందుకు పంపలేదని గద్దించేది ఒకటి, పంపిన హాజరుపట్టీ తప్పుల తడక అని గద్దించేది ఇంకొకటి. అందుకే ఆ రోజు బోథ్ నుంచి టపా మనిషి తెచ్చిన కార్డును రెండో సారు మహమూద్ మొదట భయంభయంగానే అందుకున్నాడు. చదివినకొద్దీ ఆయన మొహం విప్పారింది. ఇంకోసారి చదివాడు. మూడోసారి పిల్లలందరికీ వినబడేటట్టు గట్టిగా చదివాడు.

కరీంనగర్‌లో రెండు జిల్లాల ఉపాధ్యాయుల సదస్సు జరుగుతుందట. విషయం, పిల్లలకు సొంతంగా ఆలోచించడం నేర్పే పద్ధతులు. బోథ్ ప్రాంతంలో ఆదర్శ పాఠశాల నడుపుతున్న శ్రీ లింగమూర్తి గారు ఆ విషయం మీద పత్రం చదవాలట. కింద పరాంకుశం గారి సంతకం. ఒకప్పుడు ఈ బడిని తనిఖీ చేసిపోయిన ఇన్‌స్పెక్టరు ఆయనే, ఇప్పుడు ఇంకా పెద్ద హోదాలో ఉన్నాడు.

"అరె వాహ్ మూర్తీ! నీ కిస్మత్ తెరుసుకున్నది పో!" అన్నాడు మహమూద్. "పత్రం నేను రాసిస్త. నీ రాత సూస్తే సదస్సోళ్లు పరేషానైతరు."

అందులో అబద్ధం లేదు. ఇద్దరూ నిజాం జమానాలో ఉర్దూలో చదువుకున్నవాళ్లే. మహమూద్ పెద్దయ్యాక భయభక్తులతో దిద్దుకున్నాడు కాబట్టి ఆయన తెలుగు అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉంటాయి. హెడ్మాస్టరు లింగమూర్తివేమో ఇంట్లో మాట్లాడే భాషే కదా అనే ధీమాతో నేర్చుకున్నవి, ఎటు పడితే అటు పోతాయి. ఇంకో రోజైతే ఈ మాటకు లింగమూర్తి నవ్వి ఊరుకునేవాడు. ఆ రోజు కార్డు చేతిలోకి తీసుకొని పోయి కుర్చీలో కూలబడ్డాడు. ఆదర్శ పాఠశాల! ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలుసు. ఎనిమిదేళ్ల నాటి ఒక మధ్యాహ్నం నుంచి వచ్చింది. ఆ మధ్యాహ్నం సంగతి మీకు చెబుతాను. విన్నాక ఆయన్ను తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి, నేను అడ్డం రాను.

పందొమ్మిది వందల యాభై ఏడు. రాష్ట్రం కొత్తది, పుస్తకాలు కొత్తవి, పై అధికారులు కొత్తవాళ్లు. ఉర్దూలో చదివిన టీచర్లకు తెలుగు పరీక్ష పెడతారట, తప్పినవాళ్లను ఇంటికి పంపుతారట అని బోథ్ సంతలో మిరపకాయలు కొనేవాళ్లు కూడా చెప్పుకొనే రోజులు. లింగమూర్తి నౌకరీ అప్పటికింకా ఖాయం కాలేదు. ఇంట్లో ముసలి తల్లి, పెళ్లాం, ఇద్దరు చంటిపిల్లలు. ఇన్‌స్పెక్టరు రాసే నాలుగు ముక్కల మీద ఆ కుటుంబం బతుకంతా ఆధారపడి ఉంది.

లింగమూర్తికి ఒక ఉపాయం తెలుసు. ఆయన కనిపెట్టింది కాదు, నిర్మల్‌లో ఆయనకు చదువు చెప్పిన ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నది. సీధా హాత్, ఉల్టా హాత్ అనేవాడు ఆ పెద్దాయన. తనిఖీకి వచ్చినవాడు ఏ ప్రశ్న అడిగినా బడి మొత్తం చెయ్యెత్తాలి. జవాబు ఎరుకున్నవాళ్లు కుడిచెయ్యి ఎత్తాలి, ఎరుక లేనివాళ్లు ఎడమచెయ్యి ఎత్తాలి. వచ్చిన దొరకు కనబడేది లేచిన చేతులే. సారు మాత్రం కుడిచెయ్యి చూసుకొని ఆ పిల్లవాణ్నే లేపుతాడు. లింగమూర్తి వారం రోజులు పిల్లలతో ఈ కసరత్తు చేయించాడు. పిల్లలకు అదొక ఆటయింది, పశువుల కాడ కూడా ఆడుకున్నారు.

పరాంకుశం గారు జీపు దిగి లోపలికి వచ్చేసరికి ఊరి పెద్దలు మాలీ పటేలు, పట్వారీ ముందు వరుసలో కుర్చీలేసుకొని కూర్చొని ఉన్నారు. మొదటి ప్రశ్న, రెండో ప్రశ్న, మూడో ప్రశ్న. అన్నిటికీ అన్ని చేతులూ లేచాయి. పరాంకుశం గారి కళ్లు మెరిశాయి. మంచి మనిషి, ఎక్కడికి పోయినా గోడలకేసి చూసే పిల్లలనే చూసి విసిగి ఉన్నాడు పాపం.

"భూమి గుండ్రంగా ఉందని ఎవరికి తెలుసు?" అని అడిగాడాయన.

చేతులు లేచాయి, ఒక్క పిల్లవి తప్ప. మూడో తరగతి గంగు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని వాటి దిక్కే చూసుకుంటూ కూర్చుంది.

అంతయ్య, కొమురవ్వల బిడ్డ గంగు. తొమ్మిదేళ్లది. నిజం చెప్పాలంటే, బడి మొత్తంలో లింగమూర్తికి ఎక్కువ ఇష్టమైన పిల్ల అదే. ఆవుకు కడుపులో నాలుగు అరలుంటాయని చెబితే, "ఎవలు సూసిండ్రు సారూ?" అంటుంది. ఉడుములు వానను ముందే కనిపెడతాయని తోటి పిల్లవాడు ముత్యం అంటే, "నీకెట్ల ఎరుక? ఉడుము చెప్పిందా?" అని నిలదీస్తుంది. దాని ప్రశ్నలు ఇంటికి తీసుకుపోయి రాత్రి అన్నం తింటూ పెళ్లానికి చెప్పి నవ్వుకునేవాడు లింగమూర్తి. అడగాలె బిడ్డా, అడుగుతనే సదువొస్తది అని దాని తల నిమిరినవాడూ ఆయనే.

"ఆ అమ్మాయి చెయ్యెత్తలేదేం?" అన్నాడు పరాంకుశం గారు. "ఏమ్మా, భూమి గుండ్రంగా ఉందని నీకు తెలియదా?"

గంగు లేచి నిలబడింది. బెదరలేదు. "పుస్తకంల ఉన్నది సారూ, సదివిన. గని నేను సూడలే. మా సారు గూడ సూడలేదన్నడు. మరి అది ఎరుకున్నట్టా, లేనట్టా?" అని లింగమూర్తి దిక్కు తిరిగింది. "ఏ చెయ్యెత్తాలె సారూ?"

ఆ ప్రశ్నకు ఏ దేశంలోనైనా ఒక గురువు పొంగిపోవాలి. లింగమూర్తి బెదిరిపోయి పరాంకుశం గారి దిక్కు చూశాడు. ఏ చెయ్యి అంటే ఏమిటమ్మా అని ఇన్‌స్పెక్టరు ఇంకొక్క మాట అడిగితే చాలు, ఉపాయం బయటపడుతుంది. నౌకరీ పోతుంది, పటేలు ముందు పరువు పోతుంది. పరాంకుశం గారు అడగడానికి నోరు తెరిచాడు కూడా.

"దానికి బుద్ధి తక్కువ సార్!" లింగమూర్తి గబుక్కున అనేశాడు. "పుట్టుకతోనే గంతే. ఏదేదో మాట్లాడ్తది. కూసో గంగూ, కూసో."

గంగు కూర్చోలేదు. సారు మొహంలోకి చూస్తూ అట్లాగే నిలబడింది. పక్కనున్న పిల్ల లంగా పట్టుకొని గుంజితే అప్పుడు కూర్చుంది.

"అయ్యో పాపం" అని పరాంకుశం గారు తనిఖీ పుస్తకం తెప్పించుకొని రాశాడు. విద్యార్థులందరూ చురుకైనవారు, ప్రతి ప్రశ్నకూ ఉత్సాహంతో చెయ్యెత్తుచున్నారు, ఇది ఆదర్శ పాఠశాల. ఒక బాలిక మాత్రము మందబుద్ధి. రాసింది ఊరికి వినిపించమన్నాడు. పట్వారీ లేచి, గొంతు సవరించుకొని, మందబుద్ధి దగ్గర కాస్త ఆగి మరీ చదివాడు.

మరునాడు పొద్దున అంతయ్య బడి ముందుకు వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "సారూ, మా గంగుకు తెలివి లేదని సర్కారు పుస్తకంల రాసిండ్రట. నిజమేనా?"

అప్పుడన్నా చెప్పొచ్చు కదా! ఇన్‌స్పెక్టరు వెళ్లిపోయాడు, కావలసింది రాసేశాడు. కానీ అరుగు మీద పట్వారీ కూర్చొని పళ్లు తోముకుంటున్నాడు. లింగమూర్తి నేల చూపులు చూస్తూ, "జర మాంద్యం ఉన్నది అంతయ్యా" అన్నాడు.

"నాకు గట్ల అనిపియ్యలే సారూ. మంచిగనే ఉన్నది గద అనుకున్న" అన్నాడు అంతయ్య. కాసేపు తల గోక్కున్నాడు. "మీరు సదువుకున్నోళ్లు. మీకెరుక గాకుంటె ఎవలికెరుక?" అని దండం పెట్టి పోయాడు. తొమ్మిదేళ్లు తన చేతుల మీద పెరిగిన బిడ్డ, తాను రోజూ కళ్లారా చూసే బిడ్డ. సారు అన్న ఒక్క మాటతో తన కళ్లు చూసిందే తప్పనుకున్నాడు ఆ తండ్రి.

గంగు చదువు మానిపించారు. ఇంట్లో అది ఎప్పటిలాగే ఎందుకని అడిగింది. ఎట్ల ఎరుక అని అడిగింది. ఇదివరకు ముద్దుగా విన్న ప్రశ్నలే ఇప్పుడు రోగానికి సాక్ష్యాలయ్యాయి. అగ్గో, మళ్ల మొదలైంది అని ఇరుగుపొరుగు గుమిగూడారు. చివరికి ఇచ్చోడ దిక్కు ఒక మనిషి దగ్గరికి తీసుకుపోతే, ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి రెండు కణతల మీదా సురుకలు పెట్టాడు. ఆ తర్వాత గంగు అడగడం మానేసింది. నయమైందని కొమురవ్వ పోశమ్మకు బోనం చేసి ఊరందరికీ పెట్టింది, లింగమూర్తి ఇంటికి కూడా ఒక గిన్నెలో పంపింది.

ఆయన అది తిన్నాడా లేదా నాకు తెలియదు. నౌకరీ ఖాయమైంది, అది మాత్రం తెలుసు. ఆ తర్వాత ఏ తనిఖీకీ పిల్లలకు ఎడమచెయ్యి నేర్పలేదు. రాకుంటే రాదని చెప్పండి అన్నాడు. అది చూసి వచ్చినవాళ్లు పాఠశాల కొంచెం దిగజారింది అని రాసిపోయారు. చెరువుగట్టు మీద గంగు ఎదురైతే ఆయన గబగబా అవతలికి దాటిపోయేవాడు. ఎనిమిదేళ్లు అట్లాగే దాటిపోయాడు.

కార్డు వచ్చిన మూడు రోజులకు మహమూద్ పన్నెండు పేజీల పత్రం రాసిపెట్టాడు. అన్నీ మంచి మాటలే. పిల్లల జిజ్ఞాసను ప్రోత్సహించవలెను, ప్రశ్నించు స్వభావమును పెంపొందించవలెను. లింగమూర్తి దాన్ని సంచిలో పెట్టుకొని బోథ్‌కు పోయే కచ్చడం బండి ఎక్కబోతుంటే కొమురవ్వ ఉరికొచ్చింది. కొంగులో జొన్నరొట్టెల మూట ఉంది.

"తొవ్వల తినున్రి సారూ" అని చేతిలో పెట్టింది. పోలేదు, నసుగుతూ నిలబడింది. "ఒక్క మాట. మీరు పోయేకాడికి పెద్ద పెద్ద సార్లు వస్తరట గద. పోరలకు తెలివెట్ల తెప్పియ్యాల్నో మాట్లాడుకుంటరని మహమూద్ సారు చెప్పిండు."

"అవు కొమురవ్వా."

"మా గంగు సంగతి అడుగున్రి సారూ. అప్పుడు ఊకె అడుగుతుండె, గది బందైంది. గని ఇప్పుడు మాట్లాడుడే బందైంది. పిలిస్తె పలుకది. నవ్వది. సెప్పిన పని సేస్తది, అంతే. పదిహేడేండ్లు పడ్డయి సారూ, నేను సచ్చినంక దానికెవలు?" కళ్లు ఒత్తుకుంది. "గంత మంది సదువుకున్నోళ్లల్ల ఎవలకన్న మందు ఎరుకుంటదేమో. జర అడుగున్రి, మీ కాల్మొక్త."

నిజంగానే వంగింది. లింగమూర్తి అదిరిపడి వెనక్కి జరిగాడు. "అడుగుత" అన్నాడు. ఆ మాట ఆమెకు వినబడిందో లేదో అని, మళ్లీ గట్టిగా, "తప్పక అడుగుత" అన్నాడు.

బోథ్ నుంచి నిర్మల్, అక్కడ బస్సు మారి, సోన్ దగ్గర గోదావరి దాటి, జగిత్యాల మీదుగా కరీంనగర్. దారి పొడవునా రొట్టెల మూట ఒళ్లోనే ఉంది, విప్పలేదు. గోదావరి మీదికి వచ్చేసరికి ఆయన ఒక నిశ్చయానికి వచ్చాడు. ఆ రోజు అబద్ధం పరాంకుశం గారి ముందు చెప్పాడు, నిజం కూడా ఆయన ముందే చెప్పాలి. అందరూ వినేటట్టు చెప్పాలి. మందబుద్ధి అని రాసిన చేత్తోనే ఆయనతో అది కొట్టేయించాలి. సర్కారు పుస్తకంలో రాసిందే గంగును ఆ గతికి తెచ్చినప్పుడు, సర్కారు పుస్తకంలో కొట్టేస్తేనే మందు. నౌకరీ పోతే పోనీ అనుకున్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత మొదటిసారి ఆయన గుండె కొంచెం తేలికపడింది.

సదస్సు ఒక పెద్ద బడి హాల్లో పెట్టారు. మామిడాకుల తోరణం, మైకు, కుర్చీలు చాలక బెంచీలు. నూటయాభై మంది దాకా టీచర్లు. వేదిక మీద అధ్యక్షుడి పక్కనే పరాంకుశం గారు కూర్చున్నాడు. జుట్టు నెరిసింది, అదే మంచి నవ్వు. "మా లింగమూర్తి పాఠశాలలో పిల్లలను చూడాలండీ! ప్రశ్న వేయడమే ఆలస్యం, చేతులన్నీ లేస్తాయి" అని పరిచయం చేశాడు.

లింగమూర్తి మైకు ముందుకు వచ్చి మహమూద్ రాసిన పత్రం విప్పాడు. మొదటి వాక్యం చదివాడు. ఆగాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గా చేతులు ఎట్ల లేస్తయో నేను చెప్త" అన్నాడు. పుస్తకాల తెలుగు ఎటు పోయిందో, నోట్లోంచి ఇంటి మాటే వచ్చింది. "ఎరుకున్నోళ్లు కుడిచెయ్యెత్తాలె, ఎరుకలేనోళ్లు ఎడమచెయ్యెత్తాలె. నేను కుడిచెయ్యి పోరన్ని లేపుత. గిదే నా పద్ధతి. గిదే నా ఆదర్శ పాఠశాల."

ఒక మూల కిసుక్కుమన్నారు. ఇంకో మూల అందుకుంది. లింగమూర్తికి అర్థం కాలేదు. తిడతారనుకున్నాడు, దిగు అంటారనుకున్నాడు, నవ్వుతారనుకోలేదు.

"మీల గిట్ల చేసేటోళ్లు ఎంతమంది ఉన్నరు? నిజం చెప్పున్రి. ఉన్నోళ్లు చెయ్యెత్తున్రి" అన్నాడు.

ఎవరూ ఎత్తలేదు. అందరూ పక్కవాళ్ల మొహాలు చూసుకున్నారు. అప్పుడు వెనక బెంచీలో ఒక లావుపాటి సారు, మూతి బిగించుకొని, మెల్లగా ఎడమచెయ్యి ఎత్తాడు.

అబ్బ, ఆ నవ్వులు! బెంచీలు కదిలిపోయాయి. ఒకాయన పొలమారి బయటికి పోయాడు. అధ్యక్షుడు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు, పరాంకుశం గారు కడుపు పట్టుకొని కుర్చీలో ముందుకు వాలిపోయాడు. నూటయాభై మందికీ ఆ ఉపాయం తెలుసు. అందరూ ఎక్కడో ఒక ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవాళ్లే, అందరూ పిల్లలకు నేర్పినవాళ్లే. ఎనిమిదేళ్లు గుండెలో కుంపటిలా మోసిన పాపం ఆ హాల్లో అందరికీ తెలిసిన తమాషా అయిపోయింది.

"నవ్వకున్రి!" లింగమూర్తి గొంతు చీరుకుపోయింది. "నవ్వకున్రి సార్లూ, మీకు దండం పెడ్త. నా బళ్లె ఒక పిల్ల ఉండె."

గంగు సంగతి మొత్తం చెప్పాడు. ఏ చెయ్యెత్తాలె సారూ అని అది అడిగింది చెప్పాడు. తాను అన్న మాట చెప్పాడు. పట్వారీ చదవడం, అంతయ్య దండం పెట్టడం, సురుకలు, అన్నీ చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరుసలో ఒక పంతులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బుద్ధి తక్కువ నాకు. గా పిల్లకు గాదు" అని ఆపేశాడు.

చప్పట్లు మొదలయ్యాయి. చిన్నా చితకా చప్పట్లు కాదు, అందరూ లేచి నిలబడి కొట్టారు. లింగమూర్తి బిత్తరపోయి చూస్తున్నాడు. అధ్యక్షుడు మైకు అందుకొని, "హాస్యంతో మొదలుపెట్టి కరుణతో ముగించారు. ఉపన్యాసమంటే ఇదీ! ఉదాహరణ ఎట్లా ఇవ్వాలో మనమంతా వీరి దగ్గర నేర్చుకోవాలి" అని శాలువా తెప్పించి ఆయన భుజాల మీద కప్పాడు. తర్వాత పత్రం చదివేవారి పేరు పిలిచారు.

చాయ్ ఇచ్చే వేళకు పరాంకుశం గారిని ఒక మూలకు తీసుకుపోయాడు లింగమూర్తి. "సార్, మీరు గా మాట కొట్టెయ్యాలె. మందబుద్ధి అని రాసింది తప్పని ఒక్క కాయిదం రాసియ్యున్రి. నేను ఊరోళ్లకు సదివి వినిపిస్త."

"అంటే, అది నిజంగా జరిగిందా?" పరాంకుశం గారి మొహంలో నవ్వు పోయింది. "నేను నువ్వు కల్పించి చెప్పావనుకున్నానయ్యా."

"మీరే రాసిండ్రు సార్. యాదికి లేదా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు. "రోజుకు మూడు బడులు తిరిగేవాణ్ని. ఆ పిల్ల గుర్తు రావడం లేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "చూడు లింగమూర్తీ, ఆ ఒక్క మాట తప్పని రాస్తే, పైనున్న మాటలన్నీ తప్పే అవుతాయి. నీ నౌకరీ, నా తనిఖీ, అన్నీ తవ్వుతారు. ఆ పిల్లకు ఇప్పుడేం ఒరుగుతుంది? మంచి మాట చెప్పు దానికి. నీ మాట వింటుంది కదా." చాయ్ చల్లారిపోతుంది తాగమని ఆయన భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సు గోదావరి ఎప్పుడు దాటిందో కూడా లింగమూర్తి చూసుకోలేదు. శాలువా చూసి మహమూద్ సంబరపడ్డాడు. "ఏమన్నరు? పత్రం మెచ్చుకున్నరా?" అని ఒకటే అడగడం. లింగమూర్తి బీరువా తీసి పాత తనిఖీ పుస్తకం బయటికి లాగాడు. ఆ పేజీ దొరికింది. కలం తీసుకొని మందబుద్ధి అన్న మాటను కాగితం చినిగేటట్టు కొట్టేశాడు. పక్కన, ఇది నేను చెప్పిన అబద్ధము అని రాసి సంతకం పెట్టాడు.

"పాగల్ అయినవా మూర్తీ! సర్కారీ కితాబ్ అది!" అన్నాడు మహమూద్. పక్కన రాసింది చదివాక ఏం జరిగిందో అర్థమైంది ఆయనకు. పిల్లలను తాను చూసుకుంటానని చేత్తోనే సైగ చేశాడు.

పత్తి ఏరుతున్న రోజులు. అంతయ్య మోతకూలికి పోయాడు, చేనులో తల్లీబిడ్డా ఇద్దరే ఉన్నారు. పుస్తకం చంకలో పెట్టుకొని సారు గట్టు దిగి రావడం చూసి కొమురవ్వ ఒడిలోని పత్తి కుప్ప మీద పోసి ఎదురొచ్చింది. "అడిగిండ్రా సారూ? మందు ఉన్నదన్నరా?"

గంగు వంగి ఏరుతూనే ఉంది. ఆయన ఎనిమిదేళ్లలో మొదటిసారి దాన్ని దగ్గరి నుంచి చూశాడు. పొడుగ్గా, తల్లి పోలికతో ఉంది. రెండు కణతల మీదా రూపాయి బిళ్లంత నున్నటి మచ్చలు.

"మందు అక్కర్లేదు కొమురవ్వా. రోగమే లేదు" అన్నాడు. పుస్తకం తెరిచి కొట్టేసిన చోట వేలు పెట్టి చూపించాడు. అంతా చెప్పాడు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, తన భయం, తన నౌకరీ, తన అబద్ధం. "నీ బిడ్డకున్నంత తెలివి ఊరంతటిల ఎవలకు లేకుండె. నాకు గూడ లేకుండె. నేనే దాని గొంతు కోసిన. నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

కొమురవ్వ ఆ గీత దిక్కు చూసింది. ఆయన మొహం దిక్కు చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరు శానా మంచోళ్లు సారూ" అంది. "మా గోస సూడలేక, మా కోసమని మీ మీదేసుకుంటున్నరు. సర్కారు పుస్తకం గూడ ఖరాబు చేసుకుంటిరి. గింత దయ ఎవలకుంటది?"

"దయ గాదు కొమురవ్వా! నిజం చెప్తున్న!"

"గట్లనే సారూ, గట్లనే" అంది ఆమె, పసిపిల్లను ఊరుకోబెట్టేటట్టు. "పెద్ద సార్లకు గూడ మందు ఎరుక లేనట్టున్నది. పోనీయున్రి. దాని రాత."

ఇది ఆయన ఊహించనిది. తిడితే పడదామని వచ్చినవాడికి దండం దొరికింది. ఇక మిగిలింది గంగు ఒక్కతే. అది ఒప్పుకుంటే చాలు, ఊరితో పనిలేదు. లింగమూర్తి సాళ్ల మధ్య నుంచి పోయి దాని ఎదురుగా నిలబడ్డాడు. అది ఏరడం ఆపి, వేళ్లకు అంటిన పత్తి దిక్కు చూస్తూ నిలబడింది.

"గంగూ, ఇటు సూడు బిడ్డా. ఇన్నవా నేను చెప్పింది? ఆ దినం నువ్వడిగింది మంచి మాట. తప్పు నాది. నీకు తెలివున్నది. శానా ఉన్నది. నీకెరుకే గద?"

గాలికి పత్తిచేను కదిలింది. గంగు ముందు కుడిచెయ్యి చూసుకుంది, తర్వాత ఎడమచెయ్యి చూసుకుంది. అడగడానికి అన్నట్టు తల కొంచెం పైకెత్తింది. అడుగు బిడ్డా, ఒక్కసారి అడుగు అని లింగమూర్తి లోలోపల మొక్కుకున్నాడు.

అది అడగలేదు. మెల్లగా, మోచేయి వంగకుండా, బడిలో కూర్చున్నప్పుడు ఎత్తవలసినట్టుగా, ఎడమచెయ్యి పైకెత్తింది.

లింగమూర్తి అక్కడే సాలు మీద కూర్చుండిపోయాడు. వెనక నుంచి కొమురవ్వ గొంతు వినబడింది. ఎన్నాళ్లకో ఆ గొంతులో సంతోషం పలికింది.

"సూసిండ్రా సారూ! మీరు నేర్పింది మరువలే. ఏం మరిచినా గది మరువలే నా బిడ్డ."